గ్లాసు కింద ఒకటి

మా అన్నయ్యకు అన్నీ ముందే తెలుసు. వానలో నిలువునా తడిసి ఇంటికొచ్చి, తల తుడుచుకుంటూ "ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు" అంటాడు. తెలిస్తే గొడుగు పట్టుకెళ్ళొచ్చు కదా అంటే, తడి తువ్వాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు. కూరలో ఉప్పు ఎక్కువైనా, కరెంటు పోయినా, పక్కింటివాళ్ళు పోట్లాడుకున్నా ఆయనకు ముందే తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ మాట వింటున్నాను. నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. రోజుకు పదిసార్లు ఈ మాట వింటే వాళ్ళకూ ముక్కు మీదే ఉంటుంది.

మాది బైండింగ్ షాపు. ముందు గదిలో అచ్చయిన కాగితాలు మడతపెట్టి, వరసలో పేర్చి, కుట్టి, జిగురు పూసి అట్టలు వేస్తాం. వెనక గదిలో కటింగ్ మెషిన్ ఉంది. కుట్టిన పుస్తకాన్ని మూడు వైపులా సమంగా కోస్తేనే అది పుస్తకం, లేకపోతే దారం కట్టిన కాగితాల కట్ట. ఆ కోత పని ముప్పై మూడేళ్ళుగా బాబాయిది. ఆయన మాకు చుట్టమేమీ కాదు. నాన్న పనిలో పెట్టుకున్న మనిషి. నాకు ఐదేళ్ళప్పుడు వచ్చాడు, అప్పటి నుంచీ బాబాయ్ అనే పిలిచాం. ఇప్పుడు మోకాళ్ళు నిలబడనివ్వడం లేదని పని మానేస్తున్నాడు. నేను చెప్పబోయే రోజు పొద్దున్నే మెషిన్ తాళంచెవి తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టాడు.

ఆ మెషిన్ నాకు కావాలి. దాచుకోవడానికేముంది, ఏ నగ మీదా ఏ చీర మీదా నాకంత ఆశ లేదు. పంతొమ్మిదేళ్ళుగా కుట్టు బల్ల దగ్గర వంగి కూర్చున్నాను. తీరిక దొరికినప్పుడల్లా వెళ్ళి బాబాయి పక్కన నిలబడి, కట్ట ఎలా తట్టి సమం చేస్తాడో, చక్రం ఎంత తిప్పి బిగిస్తాడో కళ్ళతోనే నేర్చుకున్నాను. బ్లేడు మాత్రం ఒక్కసారి కూడా దించలేదు. అన్నయ్య దించనివ్వలేదు.

ఆ రోజు షాపుకు సెలవు. మధ్యాహ్నం భోజనం చేస్తూ, అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పాడు.

"రేపు పొద్దున కోతకి కొత్త మనిషి వస్తున్నాడు. మాట ఖాయం చేసుకుందామని రమ్మన్నా."

"కొత్త మనిషెందుకు, నేనున్నాగా."

"నువ్వు కుట్టుకి."

"కుట్టుకి వదినుంది. నాకంటే గట్టిగా కుడుతుంది."

వదిన "నన్ను మధ్యలోకి లాగకండి" అంది కానీ, కాదని మాత్రం అనలేదు.

"నువ్వు కోస్తే మొదటి కోతే వంకర పోతుంది," అన్నాడు అన్నయ్య. "నాకు ముందే తెలుసు."

"నేనెప్పుడు కోశానని నీకు తెలిసింది?"

"తెలుసంతే. కూర వెయ్యి."

అరికాలి మంట నెత్తికెక్కింది. గరిటె గిన్నెలో పడేసి లేచిపోయాను. కూర ఆయనే వేసుకున్నాడు.

అన్నయ్య చెడ్డవాడని చెప్పడం లేదు. పాత మెషిన్ కింద నాన్న కుడిచేతి వేళ్ళు రెండు పోయిన రోజున అన్నయ్యకు పదేళ్ళు. పక్కనే ఉన్నాడు. నాన్న చెయ్యి బ్లేడు కిందికి పోవడం కళ్ళారా చూశాడు, అరవడానికి నోరు పెగల్లేదు. "నాకు ముందే తెలుసు" అన్న మాట ఆయన నోటికి పట్టుకున్నది ఆ తర్వాతేనని అమ్మ చెప్పేది. నాన్న ఆ మెషిన్ తీసేసి, రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితే తప్ప బ్లేడు దిగని మెషిన్ తెచ్చాడు. బటన్ల మీదున్న చేతులు బ్లేడు కిందికి ఎలా వెళతాయి? ఈ సంగతి అన్నయ్యకు వందసార్లు చెప్పాను. ఒక్కసారి కూడా చెవిన పెట్టలేదు. నాన్న మాత్రం మిగిలిన వేళ్ళతోనే నాకు కుట్టు నేర్పాడు.

కోపంగా ఉన్నా, మూడింటికి కుట్టు బల్ల దగ్గరికి వచ్చాను. సెలవు రోజు మూడింటికి మా నలుగురికీ ఆట ఉంటుంది. దేనికోసమైనా ఆట మానేది లేదు.

ఆ ఆట మాకు మా పొరపాటు వల్లే దొరికింది. నాలుగేళ్ళ కిందట ఎవరో కుర్రాళ్ళు ఒక ఆట నియమాల పుస్తకం అచ్చు వేయించి, బైండింగుకు మా దగ్గర ఇచ్చారు. పదహారు పేజీలు ఒక ఫారం. ఫారాలు వరసలో పేర్చడం నా పని. ఒక కాపీలో ఒక ఫారం వదిలేసి, ఇంకో ఫారం రెండుసార్లు పెట్టి కుట్టేశాను. పాడైన ఆ కాపీ మాకే మిగిలింది. (అలా అవుతుందని అన్నయ్యకు ముందే తెలుసు, వేరే చెప్పక్కర్లేదు.) చదివితే బాగుంది. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలో పాత్ర తీసుకుంటారు. ఎవరి పాత్ర ఏం చేస్తుందో వాళ్ళే చెప్పాలి. అవుతుందో కాదో తెలియని పనైతే ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే చెడుతుంది, ఒకటి పడితే మరీ ఘోరంగా చెడుతుంది.

కథ నడిపేది అన్నయ్య, ఇంకెవరు నడుపుతారు. వదిన పాత్ర పిల్లి, చప్పుడు చేయకుండా దొంగతనాలు చేస్తుంది. బాబాయి పాత్ర గోడ, పెద్ద భారీ మనిషి, బాబాయి లాగే వారానికి నాలుగు మాటలు మాట్లాడతాడు. నా పాత్ర తెడ్డు. పడవ నడుపుతుంది. దానికి ముందుచూపు ఉంది, జరగబోయేది చూడగలదు. అన్నయ్యతో ఇన్నేళ్ళు బతికినదాన్ని, ఆ శక్తి నేను కాక ఇంకెవరు తీసుకుంటారు?

ప్రతి పాత్రకూ చేతకాని పని ఒకటి ఉండాలి. తెడ్డు కాగితం మీద అన్నయ్య తన చేత్తోనే రాశాడు, "ఈల వేయడం రాదు" అని. నాకు నిజంగానే రాదు. చిన్నప్పుడు గంటలు గంటలు మూతి సున్నాలా చుట్టి ఊదేదాన్ని, ఉత్త గాలి వచ్చేది. అన్నయ్య నేల మీద పడి నవ్వేవాడు. ఆటలోనూ అంతే. సంతలో ఒకసారి, కాపలావాడి ముందు ఒకసారి, ఊరికే దారిలో నడుస్తుంటే ఒకసారి తెడ్డు చేత ఈల వేయించాడు. ఈలకు పాచిక వేయించి, అది చెడితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

అసలు చిక్కు ముందుచూపుతో వచ్చింది. ఆ శక్తిని ఎలా ఆడించాలో చెప్పే ఫారమే మా కాపీలో పడలేదు. దాని బదులు ఆయుధాల ఫారం రెండుసార్లు పడింది. అందుకని మాకు కత్తుల గురించి రెండింతలు తెలుసు, భవిష్యత్తు గురించి ఏమీ తెలియదు. మొదట్లో అన్నయ్య జరగబోయేది చెప్పేవాడు, "అడవి దారిలో దొంగలు కాపు కాశారు" అని. మేం ఏటి దారిన పోయేవాళ్ళం. ఆయన తయారుచేసుకున్న కథంతా అడవిలోనే ఉండిపోయేది. రెండు వారాలు మూతి ముడుచుకుని, మూడో వారం పంథా మార్చాడు. ఏటి దారిన పోయినా దొంగలు అక్కడే ఉన్నారు. కొండెక్కితే కొండ మీదా ఉన్నారు. "చూసినది జరిగి తీరుతుంది" అన్నాడు. ఏ దారిన పోయినా అదే గోతిలో తోసేటట్టయితే దారులెందుకు, మేమెందుకు, నువ్వొక్కడివే కూర్చుని ఆడుకో అన్నాను. ఆ వారం ఇద్దరం మాట్లాడుకోలేదు.

దారి చూపింది వదిన. వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏవండీ, జరగబోయేది మీరు చెప్పకండి. పాచికని చెప్పనివ్వండి. తెడ్డు ముందుచూపు వాడగానే పాచిక ఈ గ్లాసులో వేసి, గిలకరించి బోర్లిద్దాం. తను ఒక్కతే తొంగి చూస్తుంది. ఆ తర్వాత తెడ్డు చేసే మొదటి పనికి మళ్ళీ పాచిక వేయొద్దు. గ్లాసు కింద ఏముంటే అదే. దాన్ని మార్చే హక్కు మీకూ లేదు, తనకీ లేదు."

అన్నయ్య ఎంత మొండి అయినా పాచిక దగ్గర నిజాయితీపరుడు. ఒప్పుకున్నాడు. అప్పటి నుంచీ మా ఆటలో భవిష్యత్తు అంటే బోర్లించిన గ్లాసు.

ఆ రోజు కథలో, కోటలో బంధించిన ఒక వైద్యురాలిని విడిపించి పడవలో దాచాం. కోట కింద ఏరు రెండు బండరాళ్ళ మధ్య నుంచి ఇరుకుగా, జోరుగా పోతుంది. ఆ గండిలోంచి పడవ దాటించాలి. పైన కాపలా. పడవలో ఒక దీపం. పన్నెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే దాటినట్టు.

"ముందుచూపు వాడతాను" అన్నాను. పాచిక గ్లాసులో వేసి, గిలకరించి బోర్లించాను. అంచు ఎత్తి చూశాను.

ఒకటి.

గ్లాసు మళ్ళీ దించేశాను. కానీ నా మొహం ఏదీ దాచుకునే రకం కాదు. అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు.

"ఒకటి కదూ," అన్నాడు. "నాకు ముందే తెలుసు."

"అయ్యో," అంది వదిన.

"పడవ బండకి కొట్టుకుంటుంది. రెండు ముక్కలవుతుంది. పిల్లి ఈదుకుంటూ పోతుంది, గోడ వైద్యురాలిని లాక్కుని ఒడ్డెక్కుతాడు. తెడ్డు మునిగిపోతుంది." ఎంత శ్రద్ధగా చెప్పాడో, కొలత పెట్టి అట్ట కోసినట్టు. "నాలుగేళ్ళ పాత్ర. పోనీలే, కొత్తది రాసుకుందువు గానీ. అందుకే అంటాను, చేతకాని పనికి పోకూడదని."

చివరి మాట అంటూ వెనక గది తలుపు వైపు ఒక్కసారి చూశాడు. ఆటలో అన్న మాట కాదది. నాకు తెలిసింది, వదినకూ తెలిసింది. బాబాయి మోకాలు నొక్కుకుంటూ బల్ల వైపు చూస్తున్నాడు.

ఒళ్ళంతా ఉడికిపోయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. లేవడానికి చెయ్యి బల్ల మీద ఆనించేసరికి, తెడ్డు కాగితం చేతికింద తగిలింది. అన్నయ్య దస్తూరీ. "ఈల వేయడం రాదు."

మళ్ళీ కూర్చున్నాను.

"తెడ్డు ఇంకా పడవ కట్టు విప్పలేదు" అన్నాను.

"విప్పుతుందిగా."

"విప్పే ముందు ఈల వేస్తుంది."

అన్నయ్యకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. వదినకు ముందే అర్థమైంది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈలెందుకు?"

"బుద్ధి పుట్టింది."

"ఈలకి పాచికేంటి, ఊరికే వేసుకో."

"తెడ్డుకి ఈల రాదు. నువ్వే రాశావు. సంతలో వేయించావు, కాపలావాడి ముందు వేయించావు, దారిలో వేయించావు. మూడుసార్లూ పాచిక వేయమన్నావు. ఈసారి పాచిక గ్లాసు కింద ఉంది."

"వేయించావు అబ్బాయ్," అన్నాడు బాబాయి. "నేనక్కడే ఉన్నా."

అన్నయ్య గొంతు పెంచాడు. "అది మోసం. నువ్వు చూసింది గండి కోసం. చూసినదాన్ని తప్పించుకోవడం కుదరదు."

"తప్పించుకోవడం లేదు. ఒకటి పడింది, నాకే పడింది, నేనే తీసుకుంటా. కాదన్నానా? ఎక్కడ తీసుకోవాలో మాత్రం నేను చూసుకుంటా. అది నువ్వు చెప్పొద్దు."

"రూలు అది కాదు."

"రూలు నాది," అంది వదిన. "గ్లాసూ నాదే. మొదటి పనికి అన్నానే గానీ, ఏ పనికో అనలేదు. చెల్లుతుంది."

నాలుగేళ్ళుగా ఆ గ్లాసు బల్ల మీదే ఉంది. ఏ అంకె పడ్డా చూసిన పనికే వాడుకున్నాం కాబట్టి ఇలా వాడొచ్చని ఒక్కరికీ తట్టలేదు. గ్లాసు ఎత్తాను. ఒకటి అందరూ చూశారు.

"ఈల చెడింది," అన్నాను. "ఉత్త గాలి వచ్చింది. ఎలా వస్తుందో నీకు బాగా తెలుసు."

అన్నయ్య అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "ఒకటి కదా, ఉత్తినే పోదు. ఆ గాలికి పడవలో దీపం ఆరిపోయింది. ఇప్పుడు చిమ్మచీకటి. పన్నెండు చాలదు, పదిహేను కావాలి."

"ఆరనీ."

"చీకట్లో గండి దాటుతావా?"

"దాటుతా. కట్టు విప్పాను."

పాచిక చేతిలోకి తీసుకున్నాను. ఈసారి గ్లాసు లేదు. ఏం పడుతుందో నాకు తెలియదు, అన్నయ్యకూ తెలియదు. నిజం చెప్పాలంటే నాలుగేళ్ళలో ఎప్పుడూ అంత భయం వేయలేదు, అంత బాగా కూడా ఎప్పుడూ అనిపించలేదు. వేశాను. పాచిక దొర్లి దొర్లి దారపుండకు తగిలి ఆగింది.

పదహారు.

వదిన చప్పట్లు కొట్టింది. బాబాయి "గోడ నవ్వాడు" అని ప్రకటించాడు. ఆ వారానికి ఆయన నాలుగు మాటలూ దాటిపోయాయి. అన్నయ్య కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఏవండీ, ఇది మీకు ముందే తెలియలేదా?" అంది వదిన.

"ఆట వేరు," అన్నాడు.

"వేరు కాదు," అన్నాను. ఇక ఆగదలుచుకోలేదు. "నా మొదటి కోత వంకర పోతుందన్నావు. నీకు ముందే తెలుసన్నావు. సరే, వంకరే పోతుంది. కాదనను. పోయేదేదో చిత్తు కాగితం మీద పోనీ. వెనక గదిలో రెండు బస్తాల చిత్తుంది. ఇప్పుడే కోస్తా. తాళంచెవి ఇవ్వు."

"ఇప్పుడెందుకు..."

"రేపు పొద్దున ఆ మనిషి వస్తాడు, అందుకు."

అన్నయ్య జేబు మీద చెయ్యి వేసుకున్నాడు గానీ తీయలేదు. "నీకు చెప్పినా అర్థం కాదు. నాకు కనపడుతుంది. నువ్వక్కడ నిలబడితే చాలు, నాకు కళ్ళ ముందు కనపడుతుంది."

"నీకు కనపడేది ముందు కాదు అన్నయ్యా, వెనక. నీకు నాన్న వేళ్ళు కనపడుతున్నాయి. అప్పుడు నీకు పదేళ్ళు. నువ్వు అరిచినా ఆగేది కాదది. నాన్న ఒక్కరోజు కూడా నిన్నేమీ అనలేదు. నావి పదీ ఉన్నాయి, చూడు. వీటిని లెక్కలో వేసుకోకుండా పంతొమ్మిదేళ్ళుగా నా చేతులు కట్టేశావు. నాకు చాలా కోపంగా ఉంది. నీకు తెలియాలనే చెబుతున్నా."

నా పది వేళ్ళూ ఆయన మొహం ముందు పెట్టాను. అన్నయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ముక్కు తుడుచుకునే వంకతో తల దించుకున్నాడు. కాసేపటికి జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. నా చేతికివ్వలేదు. నేనే తీసుకున్నాను.

నలుగురం వెనక గదిలోకి వెళ్ళాం. బస్తాలోంచి చిత్తు కాగితాలు తీసి, కట్ట తట్టి, వెనక పలకకు ఆనించి, చక్రం తిప్పి బిగించాను. బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, ఒక్క ముక్క చెప్పలేదు. తాళంచెవి తిప్పగానే మెషిన్ గుర్రుమంది. రెండు బటన్లూ నొక్కాను. బ్లేడు దిగింది, లేచింది.

కట్ట బయటికి తీసి చూశాను. వంకరే. బిగింపు చాలక పైన కాగితాలు గోరు మందాన జరిగాయి.

"చెప్పానా," అన్నాడు అన్నయ్య. గొంతులో బలం లేదు.

"చెప్పావు. అది అయిపోయింది." కట్ట తీసి బస్తాలో పడేశాను. "ఇంకోటి కావాలి."

బస్తా వైపు నేను వంగేలోపు అన్నయ్య ముందు గదిలోకి వెళ్ళాడు. చూడలేక వెళ్ళిపోయాడనే అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి చేతిలో ఒక పుస్తకం ఉంది. నిన్న నేను కుట్టింది, జిగురు ఆరింది, అంచులు కోయాలి. చిత్తు కాదు, షాపుకు వచ్చిన పని. తెచ్చి మెషిన్ మీద నా ముందు పెట్టాడు.

"చక్రం ఇంకో అర చుట్టు తిప్పు, తల్లీ," అన్నాడు బాబాయి, అప్పుడు.

తిప్పాను. అన్నయ్య నా చేతుల వైపే చూస్తూ వదినతో అన్నాడు, "రేపొచ్చే అతనికి ఫోన్ చెయ్యి. రావొద్దని చెప్పు."

"ఇంకా కోయలేదు కదండీ," అంది వదిన.

"కోయలేదు. చెయ్యి."

రెండు చేతులూ రెండు బటన్ల మీద పెట్టాను. పెట్టి, ఆయన వైపు తిరిగాను.

"ఇదెలా వస్తుందో తెలుసా?"

అన్నయ్య చాలాసేపు పుస్తకం వైపు చూశాడు.

"తెలియదు," అన్నాడు.

నొక్కాను.